నాయన ఎడమ చేయి

మా ఇంట్లో మనిషిని చేతి పట్టు చూసి లెక్కగట్టేవాళ్లు. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఇల్లు మాది. చదువు రాకపోయినా ఫర్వాలేదు, ఎడమ చేతిలో ఉలి మాత్రం జారకూడదు. అందుకే పక్షవాతం వచ్చి రెండు నెలలు వేలాడిపోయిన నాయన ఎడమ చేయి ఒకరోజు తనంతట తానే పిడికిలి బిగిస్తే, మేం పండగ చేసుకున్నాం. అమ్మ పాయసం వండింది. వీధిలోవాళ్లు వచ్చి పిడికిట్లో వేలు పెట్టి, తీసుకోలేక అవస్థపడి, "పాత పట్టే వచ్చిందప్పా" అని మెచ్చుకుని పోయారు. నేను రబ్బరు బంతి కొనుక్కొచ్చి పొద్దున నూరుసార్లు, సాయంత్రం నూరుసార్లు నొక్కించాను. అంత బుద్ధిమంతుణ్ణి.

ఏడాది తిరిగేసరికి గోళ్లు అరచేతిలో దిగబడ్డాయి. బంతి పెట్టడానికి కూడా వేళ్లు తెరుచుకోలేదు.

ఇది రెండువేల దశకం చివరి మాట. అప్పుడు మా షెడ్డులో గోనెపట్టా కింద ఒక అమ్మవారు ఉండేది. బండి ఆత్మకూరు పక్క పల్లెవాళ్లది. కళ్లు తప్ప అన్నీ అయిపోయాయి. మొదటి ఉలి పెట్టినవాడే కళ్లు తెరవాలన్నది మా ఇంటి పద్ధతి. పెట్టింది నాయన. ఆయన వల్ల కాకపోతే ఆ పని నాకొస్తుంది. నాకొచ్చిందంటే నాయన పని ముగిసినట్టే. పల్లె పెద్దలు రెండేళ్లు ఓపిక పట్టి, ఉగాది దాటితే ఇక ఆగలేమన్నారు. ఆ మాట విని నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నంద్యాల తీసుకుపోయాను. అక్కడ ఫిజియోథెరపీ చేసే ఆయన పిడికిలి చూసి, నా బంతి కథ విని, వేళ్లు ఒక్కొక్కటే లాగి చూశాడు.

"ఇది బలం కాదన్నా. కండ బిగుసుకుపోయింది. వదలమని మెదడు చెప్పలేకపోతాంది. నువ్వేమో బంతి ఇచ్చి ఇంకా బిగిచ్చినావు."

"పక్షవాతానికి చూసిన పెద్ద డాక్టరు బంతి వద్దని చెప్పలేదే."

"బంతి గురించి అడిగినావా?"

అడగలేదు.

మడమ నొప్పులకని తెప్పించిన షాక్‌వేవ్ మిషన్ ఒకటి ఆయన దగ్గర ఉంది. డాక్టరును అడిగి, దాన్ని ముంజేతి కండ మీద పెట్టి చూస్తానన్నాడు. నయమైపోదు, కొన్నాళ్లు సడలొచ్చు అని ముందే చెప్పాడు. పేరుకు షాక్ గానీ కరెంటు తగలదు. పిడిలో చిన్న ఇనుపముక్క గాలి ఒత్తిడికి టకటకా కొట్టుకుంటుంది. ఆ దెబ్బ చర్మం దాటి కండలోకి దిగుతుంది. నాయన కళ్లు మూసుకుని విన్నాడు.

"దెబ్బ బాగుండాది, ఒకే తీరుగా పడతాంది. ఒకే చోట కొడితే మాత్రం రాయి పగులుతాది. జరుపుతా ఉండు."

ఫిజియో ఆయన పిడి జరుపుతూ పోయాడు.

వారానికోసారి, ఐదు వారాలు బస్సులో తిరిగాం. మధ్యలో రోజూ వేళ్లు సాగదీయడం నా వంతు. చిటికెన వేలితో మొదలుపెట్టి, ఒక్కొక్కటే, తొందర లేకుండా. ఐదో వారానికి అరచేయి బయటపడింది. కాయలన్నీ పోయి పసిబిడ్డ చేయిలా మెత్తగా ఉంది. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఎవురిదిరా ఈ చెయ్యి?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. బస్సుకు టైమయిందని చెప్పి లేపాను.

ఉగాది దగ్గర పడగానే పల్లెవాళ్లు ట్రాక్టరు తోలుకొచ్చారు. గోనె తీశాం. నాయన స్టూలు మీద కూర్చుని ఉలి అడిగాడు. ఎడమ చేతిలో పెట్టాను. వేళ్లు మూసుకున్నాయి, ఉలి జారి కింద పడింది. బిగువు సడలాక చూస్తే లోపల బలం పెద్దగా లేదు. మళ్లీ ఇచ్చాను. మళ్లీ పడింది. పల్లెవాళ్లు ట్రాక్టరు టైర్లు చూస్తూ నిలబడ్డారు.

"నువ్వు పట్టుకోరా. నేను కొడతా" అని కుడిచేత్తో సుత్తి తీసుకున్నాడు.

ఇన్నేళ్ల పనిలో నా ఉలి మీద ఆయన సుత్తి ఎప్పుడూ పడలేదు. అమ్మవారి కంటి దగ్గర ఉలి ఆనించి, భయంతో శక్తికొద్దీ పట్టుకున్నాను. సుత్తి లేవలేదు.

"అంత బిగబడితే ఉలి యాడ తిరుగుతాది?"

సుత్తి ఒళ్లో పెట్టుకుని ఎడమ చేయి చాచాడు. ఆ మెత్తటి వేళ్లతో నా వేళ్లు సడలించాడు. చిటికెన వేలితో మొదలుపెట్టి, ఒక్కొక్కటే, తొందర లేకుండా. ఆ తర్వాత సుత్తి తీసుకున్నాడు.