వెల్కో మణికట్టు

ప్లోవ్‌దివ్ అనే ఊళ్లోని ఒక ప్రెస్సులో వెల్కో ముప్పై నాలుగేళ్లుగా పిల్లల పుస్తకాలు అచ్చు వేస్తున్నాడు. మొహాల రంగు కుదిరిందో లేదో చూడటానికి ఆయనకు పరికరాలతో పనిలేదు. అచ్చయిన కాగితాన్ని లైటు కింద పరిచి, చొక్కా చెయ్యి పైకి లాగి, మణికట్టు లోపలి వైపు బొమ్మ చెంప పక్కన ఆనిస్తాడు. రెండూ కలిస్తే సరే, లేకపోతే సిరా మరలు తిప్పుతాడు. ఆ ఊళ్లో పాత మేస్త్రీలందరిదీ అదే పద్ధతి. ఇన్నేళ్లలో బొమ్మలు గీసినవాళ్లెవరూ తన కాగితాన్ని తిప్పి పంపలేదని రోజుకొకసారైనా ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆయనకు తోచదు.

వచ్చే నెలలో రిటైరవుతున్నాడు. ఆఖరి పుస్తకం సెవ్దాది. స్లివెన్ అనే ఊరి అమ్మాయి, అక్కడి తెల్లవాళ్ల మధ్య చామనఛాయగా కనిపించే రోమా జాతిది, రాసిందీ గీసిందీ ఆమే. రోమా పేటలో పావురాలు పెంచే ఒక చిన్నపిల్ల కథ. బొమ్మలోని మొహం తన అక్క కూతురిదని, అచ్చులోనూ అచ్చం నీలాగే ఉంటావని దానికి మాటిచ్చానని సెవ్దా ఫోనులో ముందే చెప్పింది. వెల్కో ఊఁ కొట్టాడు. అంతకుమించి వినలేదు.

ఆ ఉదయం మొదటి కాగితానికి మణికట్టు ఆనిస్తే పిల్ల చెంప బాగా ముదురుగా ఉంది. ప్రచురణవాళ్లు పంపిన నమూనాలోనూ అంతే ఉంది గాని, నమూనాలెప్పుడూ నల్లగానే వస్తాయని ఆయన నమ్మకం. నీలం తగ్గించాడు, నలుపు తగ్గించాడు. పిల్ల గులాబీ రంగుకు తిరిగింది. పావురాలు కాస్త వెలిసిపోయాయి. మొహం ముఖ్యం కదా అనుకున్నాడు.

పదింటికి సెవ్దా వచ్చింది. ఆమె సంతకం పెట్టిన కాగితాన్ని చూసుకుంటూనే మిగతా నాలుగు వేలూ వెయ్యాలి. వెల్కో కలం చేతికిచ్చి, మెచ్చుకుంటుందని పక్కనే నిలబడ్డాడు.

"బాబాయ్, ఈ పిల్లకి ఒంట్లో బాలేదా?"

"సిరా ఎక్కువైందమ్మా, నేను సరిచేశాను. ఇప్పుడు చూడు ఎంత కళగా ఉందో."

"దేన్ని చూసి సరిచేశావ్?"

వెల్కో గర్వంగానే మణికట్టు చూపించాడు. సెవ్దా తన చెయ్యి తెచ్చి ఆయన చెయ్యి పక్కన పెట్టింది. తర్వాత నమూనాలో పిల్ల చెంప పక్కన పెట్టింది. అక్కడ కలిసింది.

"ఇది పట్టుకెళ్లి ఇస్తే, ఇదెవరు పిన్నీ అంటుంది మా పిల్ల. సంతకం పెట్టలేను బాబాయ్." కలం బల్ల మీద పెట్టేసింది.

వెల్కోకి ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఇన్నేళ్లూ ఎందరు పిల్లల్ని తన చేతి రంగులోకి లాగేశాడో తలుచుకున్నాడు. మరలు వెనక్కి తిప్పాడు. నాలుగో కాగితానికి సెవ్దా చెయ్యీ పిల్ల చెంపా కలిశాయి. ఆమె సంతకం పెట్టి, పన్నెండింటి బస్సుకు వెళ్లిపోయింది.

చిక్కు అప్పుడొచ్చింది. వేసేకొద్దీ రంగు మారుతుంది, ఐదువందలకోసారి చూసుకోవాలి. సంతకం కాగితం ఎదురుగా ఉన్నా, పక్కన చెయ్యి లేనిదే వెల్కో కంటికి నమ్మకం కుదరదు. అలవాటుగా చొక్కా చెయ్యి పైకి లాగి ఆగిపోయాడు.

అవతల కాగితాలు కోసే మిషను దగ్గర అసెన్ ఉన్నాడు. అతనూ రోమావాడే. పంతొమ్మిదేళ్లుగా ఇద్దరూ ఒకే కప్పు కింద పనిచేస్తున్నారు.

"అసెన్, ఇలా రా. చెయ్యి కావాలి."

"కట్టలెత్తాలా మేస్త్రీ?"

"కాదు. ఒక్క చెయ్యి చాలు. లైటు కింద పెట్టు."

అసెన్ కాగితం మీది పిల్లను చూశాడు, వెల్కోను చూశాడు. "పంతొమ్మిదేళ్లు బరువులకి రెండు చేతులూ వాడుకున్నావు. రంగుకి ఇవాళ గుర్తొచ్చానా?" నవ్వుతూనే అన్నాడు గాని వెల్కోకి గుచ్చుకుంది.

"ఇవాళే తెలిసిందిరా. తప్పు నాదే."

"ఉండు, కడుక్కొస్తా."

సబ్బుతో మోచేతి దాకా రుద్దుకుని, తుడుచుకుని వచ్చాడు. పిల్ల చెంప పక్కన చెయ్యి మెల్లగా ఆనించాడు.

ఎనిమిదోసారికి వెల్కో పిలవనే లేదు. అసెన్ తనంతట తనే వచ్చి, చెయ్యి పెట్టి చూసి, "నీలం కొంచెం తగ్గింది మేస్త్రీ" అన్నాడు. వెల్కో మర తిప్పాడు.