నిమ్మకాయ బదులు చున్నీ

మా అమ్మాయి మొదటి జీతంతో కొనుక్కున్న బైకును నాగపూర్‌లో ఉన్న తనకు పంపడానికి గగన్‌పహాడ్‌లోని పార్సిల్ గోదాముకు తీసుకెళ్లాను. చిన్న గీత పడినా ఆమె ఊరుకోదు. ప్యాకింగ్ చేసే ఆయన పెట్రోలు తీసేసి, అట్టలు చుట్టి, హ్యాండిల్‌కు నిమ్మకాయ కట్టబోయాడు.

నేను మండిపడ్డాను. "దిష్టి ఉందని రుజువు చూపించు!"

"దిష్టికి గాదన్నా. గిది చూస్తే, ఎవలో పానంలెక్క చూసుకునే బండి అని హమాలీలు జర పైలంగ దించుతరు."

"జాగ్రత్త అని రాయొచ్చుగా?"

"అన్నిటి మీద రాసే ఉంటది. ఎవలు సదువుతరు?"

జీవితమంతా కారణం అడగమని ఉపన్యాసాలిచ్చిన నేను, కారణం అడక్కుండానే ఆయన్ను కసిరాను. అయినా నిమ్మకాయకు ఒప్పుకోలేదు. బండి సైడు డబ్బాలో అమ్మాయి మరిచిపోయిన ఎర్ర చున్నీ కనిపిస్తే, హమాలీలకు గుర్తుగా దాన్నే హ్యాండిల్‌కు కట్టాను.

బండి గీత పడకుండా చేరింది. అది చున్నీ వల్లేనని మాత్రం రుజువు చేయలేను.