మస్కటామె ఇల్లు

నేను పనిచేసే ఇంట్లో సారుకి ఇంటిపేరు పిచ్చి. ఆయనది స్కాట్లాండు. అక్కడెక్కడో కొండల మధ్యనున్న ఒక చిన్న ఊరి పేరే ఆయన ఇంటిపేరు. ఆ పేరు మోస్తున్నవాళ్ళు ప్రపంచంలో ఎక్కడెక్కడ ఉన్నారో తేల్చేదాకా నిద్రపోనని కూర్చున్నాడు. పగలు కాలేజీలో పాఠాలు చెప్పి వస్తాడు, టీ తాగుతాడు, హాల్లో పెద్ద స్క్రీను ముందు కూర్చుని ప్రపంచ పటం మీద ఎర్ర చుక్కలు పెడతాడు. నేను వెనకాల ఇస్త్రీ చేసుకుంటుంటాను. కొత్త చుక్క దొరికితే నన్ను పిలుస్తాడు. మేడమ్‌ని పిలవడు. ఆవిడ ఎప్పుడో దండం పెట్టేసింది.

"ఇలా రా, చూడు," అంటాడు.

పొయ్యి మీద ఏమున్నా సరే, వెళ్ళి చూడాలి. కెనడాలో చుక్కలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఆస్ట్రేలియా అంచుల వెంబడి ఉన్నాయి. న్యూజిలాండులో, అమెరికాలో ఉన్నాయి. స్కాట్లాండులో కూడా పట్నాల దగ్గర కొన్ని ఉన్నాయి. ఆ ఇంటిపేరు పుట్టిన ఊరి మీద మాత్రం ఒక్కటీ లేదు. దొరలు గొర్రెలు మేపుకోవడానికని అక్కడి జనాన్ని వెళ్ళగొట్టారట. కొందరు ఓడలెక్కారట, కొందరు పట్నాలకు చేరి ఫ్యాక్టరీల్లో పడ్డారట. ఆ ఊరి దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటాడు. నాకు మాత్రం మాడిపోతున్న తాలింపు వాసన వస్తుంది. ఎప్పుడో పోయినవాళ్ళ కోసం ఇంత బాధపడే మనిషికి, ఎదురుగా నిలబడ్డ మనిషి కాళ్ళు లాగుతున్నాయన్న సంగతి ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు.

చెడ్డవాడు కాదు. జీతం టైముకిస్తాడు, ఈ దేశంలో ఉండటానికిచ్చే బతాకా కార్డు రెన్యువల్ ఎప్పుడూ ఆలస్యం చేయలేదు, గొంతు పెంచి మాట్లాడడు. మస్కట్‌కి అవతల మేముండే అల్ ఖౌద్‌లో నాలాంటి ఆడవాళ్ళలో సగం మంది నా డ్యూటీ చూసి కుళ్ళుకుంటారు. అదంతా నిజమే. అయినా ఆ చుక్కల ముందు నిలబడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఎందుకు మండుతుందో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

కడప పక్కన మా అత్తగారి ఊళ్ళో మేము ఇల్లు కట్టించాము. మేము అనడం అలవాటుగా వచ్చేసింది గానీ, కట్టించింది నేను. నా కూతురు పలకా బలపం పట్టుకునే వయసులో నేను ఇక్కడికి వచ్చాను. ఇప్పుడది డిగ్రీ చదువుతోంది. ఇన్నేళ్ళూ ఈ దేశంలో ఊడ్చినవీ తోమినవీ ఉతికినవీ అన్నీ కలిస్తే ఆ ఇల్లు. మా ఆయన దగ్గరుండి పని చేయించాడు, కాదనను. ఇసుక తోలించాడు, నీళ్ళు పట్టాడు. టైల్సు రంగు, తలుపు డిజైను, మెట్ల కింద గూడు అన్నీ నేను వీడియో కాల్‌లో చూసి చెప్పాను. ఆ ఇల్లు నాకు మూలమూలా తెలుసు. ఒక్కసారి కూడా అందులో కాలు పెట్టలేదు.

గేటు పక్కన గోడకి నల్ల గ్రానైటు పలక బిగిస్తారు కదా, దాని మీద నా పేరు చెక్కించమని అడిగాను. మొత్తం ఇంటికి నేను అడిగింది అదొక్కటే. ఆయన పేరు పైన, నా పేరు కింద. ఆయన "సరేలే" అన్నాడు. ఆయన సరేలే అంటే వాళ్ళన్నను అడుగుతానని అర్థం. మర్నాడు బావే ఫోన్ చేశాడు.

"ఏమ్మా, మన వంశంలో గేటు మీద ఆడోళ్ళ పేరు రాపిచ్చుకున్నోళ్ళు యాడన్నా ఉండారా? ఇంటిపేరు ఏపిస్తే అందరిదీ అయితాది. నీ పేరేస్తే నీ ఒక్కదాందే అయితాది."

"అందరిదీ అయితే అందరూ రావాల్సింది గదా బావా ఈడికి, గిన్నెలు తోమను," అన్నాను.

ఫోన్ మా ఆయన చేతికి మారింది.

"మే, ఆయప్పతో ఏం మాటలే అవి? పెద్దోడు గదా. గమ్మునుండు, నేను జూసుకుంటా."

ఆయన చూసుకున్నది ఇంతవరకూ ఏదీ నాకు అనుకూలంగా తేలలేదు.

ఇంతకీ ఊళ్ళో ఆ ఇంటిపేరుతో ఆ ఇంటిని ఎవరూ పిలవరు. పునాది తీసిన రోజు నుంచి అది మస్కటామె ఇల్లు. సిమెంటు లారీ వచ్చినా, కరెంటు వైరు మనిషి వచ్చినా "మస్కటామె ఇల్లు యాడ?" అనే అడుగుతారు. ఇల్లు మొదలుపెట్టకముందు, కిందటిసారి సెలవుకి వెళ్ళినప్పుడే కూరగాయల దగ్గర ఒకామె పక్కామెతో "మస్కటామె వచ్చినాది సూడు," అంది. అందులో తిట్టేమీ లేదు. కానీ ఆ "మస్కటామె" అన్న మాట దగ్గర ఒక సాగదీత ఉంటుంది. మొగుణ్ణీ బిడ్డనూ వదిలి సముద్రం దాటిన ఆడదాని గురించి జనం ఏమేం అనుకుంటారో ఆ సాగదీతలో అంతా ఉంటుంది. మగవాళ్ళు కూడా వస్తారు ఈ దేశానికి. వాళ్ళని అనేటప్పుడు ఆ సాగదీత ఉండదు.

నా కూతురు ఒకరోజు ఫోన్‌లో ఏడ్చింది. "బస్సులో ఎవురన్నా అడిగితే మస్కటామె కూతురంటారు మా. నాకు పేరు లేదా?" అంది. "నాకే లేదు, నీకెక్కణ్ణించి వస్తాది," అన్నాను. అనకుండా ఉండాల్సింది. కానీ ఆ రోజు నాకూ చాలా కోపంగా ఉంది. నేనుండేది మస్కట్ కూడా కాదు. అక్కడి సముద్రపు ఒడ్డు నేను చూసిందల్లా, మేడమ్ సంచులు ఒళ్ళో పెట్టుకుని కారు వెనక సీట్లోంచి. మావాళ్ళకు ఈ దేశమంతా మస్కటే.

ఒక శుక్రవారం సారూ మేడమూ తాజా కూరగాయల కోసం బర్కా వైపు తోటలకు వెళ్తూ నన్నూ తీసుకెళ్ళారు. ఖర్జూరం తోటలో నీళ్ళు కడుతున్న ఒకాయన నా మాట వినగానే "ఏ ఊరుక్కా మనది?" అన్నాడు. చెప్పాను. "ఇంటిపేరేంది?" అన్నాడు. అత్తగారిది చెప్పాను. "అది గాదుక్కా, పుట్టింటిది," అన్నాడు. చెప్పగానే పార అక్కడే పడేశాడు. ఆయనదీ అదే ఇంటిపేరు. ఇంటిపేరొకటైతే మావైపు అన్నాచెల్లెళ్ళే, ఇక వేరే చుట్టరికం వెతకక్కర్లేదు. మా ఇంటిపేరూ ఒక ఊరి పేరే. ఆ ఊరెక్కడుందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు, మా నాన్నకీ తెలియదు. ఇన్నేళ్ళలో నన్ను ఆ పేరు అడిగిన మనిషి ఆయనొక్కడే. సంచీ నిండా వంకాయలు కోసిచ్చాడు. కారెక్కాక కళ్ళు తుడుచుకుంటుంటే సారు సంగతేమిటని అడిగాడు. చెబితే సీట్లో ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అయితే నీకూ ఒక మ్యాపు మొదలుపెడదాం! మొదటి చుక్క బర్కాలో!" అన్నాడు. ఆయన సంతోషం చూస్తే నాకు ఏడుపు ఆగిపోయి చిరాకు మొదలైంది.

మొన్న ఎండాకాలం సెలవుల్లో ఆయన తన ఇంటిపేరు ఊరికి వెళ్ళివచ్చాడు. ఇన్నేళ్ళకు. వచ్చిన రోజే, నేను వాళ్ళ పెట్టెలోంచి మురికి బట్టలు తీస్తుంటే, ఫోటోలు చూపించాడు. రెండు రాతి ఇళ్ళు, చుట్టూ గొర్రెలు, ఊరి పేరున్న ఒక బోర్డు. సమాధుల్లో కూడా ఆ పేరు దొరకలేదట. బోర్డు దగ్గర ఫోటో తీసుకుంటుంటే కెనడా నుంచి వచ్చిన ముసలాయన ఒకడు కనిపించాడట. ఆయనదీ అదే ఇంటిపేరు, ఆయనా అదే పని మీద వచ్చాడు. ఇద్దరూ కావలించుకున్నారట.

"ఊళ్ళో ఒక్కరూ లేకపోతే ఆ పేరు ఎలా పుట్టింది సార్?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. "ఆ ఊళ్ళో ఉన్నంతకాలం ఎవరికీ ఆ పేరు లేదు. అందరిదీ అదే ఊరు కదా, ఆ పేరుతో పనేముంది? ఒకడు అక్కణ్ణించి బయలుదేరి వేరే ఊరు చేరాడు. అక్కడివాళ్ళు వాణ్ణి ఫలానా ఊరివాడు అన్నారు. వాడేమీ పెట్టుకోలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు పెట్టారు. వాడి పిల్లలకు అదే అంటుకుంది," అన్నాడు.

చేతిలో బట్టలతో అలాగే నిలబడిపోయాను. వాడు వదిలి వచ్చిన ఊరి పేరు మోశాడు. నేను మస్కట్ వదిలి ఇంకా తిరిగి వెళ్ళనైనా లేదు, నాకప్పుడే అంటించేశారు. రేపు నా కూతురి బిడ్డల్ని మస్కటోళ్ళంటారు. వాళ్ళ బిడ్డలకి మస్కట్ అంటే ఏమిటో కూడా తెలియదు. ఎవడో ఒకడు పెద్ద చదువు చదివి, స్క్రీను ముందు కూర్చుని, ఈ పేరు ఎక్కణ్ణించి వచ్చిందబ్బా అని చుక్కలు పెట్టుకుంటాడు. అప్పటికి నా పేరు ఎవరికీ తెలియదు. ఆ రోజు నాకు కలిగినంత ఉక్రోషం ఈ దేశం వచ్చాక ఇంకెప్పుడూ కలగలేదు.

"మీ అమ్మాయి చుక్క ఏది సార్?" అన్నాను. వాళ్ళమ్మాయి ఆస్ట్రేలియాలో ఉంటుంది.

"తనకి లేదు. పెళ్ళయ్యాక పేరు మార్చుకుంది," అన్నాడు. మామూలుగానే అన్నాడు. సోఫాలో పుస్తకం చదువుతున్న మేడమ్ తలెత్తకుండానే, "నాకు మాత్రం ఉంది. నేను ఆ ఊరి మొహం కూడా చూడలేదు," అంది. పేజీ తిప్పింది. నాకు ఆవిడ మీద మొదటిసారి ఇష్టం కలిగింది.

గృహప్రవేశానికి ముహూర్తం పెట్టారు. సెలవు అడిగాను. అదే వారం మేడమ్ చుట్టాలు దిగుతున్నారు, కుదరదన్నారు. ఆవిడ మీద కలిగిన ఇష్టం అంతటితో సగం పోయింది. ముహూర్తం మార్చమని మా ఆయన్ని అడిగితే, అయ్యవారు ఇంక మంచిరోజు లేదన్నాడని చెప్పాడు. నేను లేకుండానే పాలు పొంగించడానికి అందరూ ఒప్పేసుకున్నారు.

ముహూర్తం దగ్గరపడ్డాక ఒక శుక్రవారం పొద్దున, చుట్టాల గదులకు దుప్పట్లు మారుస్తుంటే నా కూతురు వీడియో కాల్ చేసింది. గేటు దగ్గర నిలబడి ఉంది. పక్కన మేస్త్రీ తాపీతో సిమెంటు కలుపుతున్నాడు.

"మా, బండ వచ్చినాది. ఇప్పుడే ఆటోలో దించినారు. సూపియ్యనా?"

చూపించమన్నాను. నున్నగా మెరుస్తున్న నల్ల పలక. మధ్యలో అత్తగారింటి ఇంటిపేరు, దాని పక్కన నిలయం. అక్షరాల్లో బంగారు రంగు నింపారు. నా పేరు లేదు. ఆయన పేరు కూడా లేదు. ఆయన చూసుకున్నది ఇదీ. నేను మంచం అంచున కూర్చుండిపోయాను. ఇంతా చేసి నేనడిగింది రెండు మూడు అక్షరాలు.

"మీ నాయన యాడ?"

"పెద్దనాయనతో షామియానా మాట్లాడను పోయినారు. మా, ఇంగోటి సూడు. నవ్వొస్తాది నీకు," అని మేస్త్రీతో పలకను వెనక్కి తిప్పించింది.

వెనకవైపు రాయి గరుకుగా, బూడిద రంగులో ఉంది. దాని మీద ఎర్ర పెయింటుతో వంకర అక్షరాల్లో "మస్కటామె ఇల్లు" అని రాసి ఉంది. ఆటోవాడు దారి తప్పకుండా చెక్కినవాళ్ళు రాసుకున్నారు.

నాకు నవ్వు రాలేదు. ముందువైపు ఒక పేరు, వెనకవైపు ఒక పేరు. రెండూ నావేనంటారు అందరూ. రెండూ నేను పెట్టుకున్నవి కావు.

"తుడిసేమంటావా మా? పెయింటు ఇంకా పచ్చిగానే ఉండాది," అంది నా కూతురు నా ముఖం చూసి.

"తుడవద్దు. దాని కింద నా పేరు రాయి."

"యాడ? ఈ పక్కనా? గోడలోకి పోతాది గదమా, ఎవురికీ కనపడదు."

"తెలుసు. రాయి."

అది ఇంట్లోకి పరిగెత్తి, గడపకు పూసిన రంగు డబ్బా, బ్రష్షు తెచ్చింది. ఫోన్ గోడ మీద ఆనించింది. అందుకని నాకు దాని వీపు మాత్రమే కనిపించింది. చాలాసేపు రాసింది. పక్కకి జరిగేసరికి నా పేరు ఆ ఎర్ర అక్షరాలకంటే పెద్దగా, పసుపు రంగులో ఉంది. ఒక్క నా పేరే. పుట్టింటిదీ లేదు, అత్తింటిదీ లేదు.

"బిరీన్ కానీమ్మా, సిమెంటు గట్టిపడతాది," అన్నాడు మేస్త్రీ. పలకను ఎత్తి గోడకి అదిమాడు. సుత్తి పిడితో నాలుగు మూలలా తట్టాడు. అంచుల నుంచి పిండిన సిమెంటును తాపీతో గీకేశాడు.

కింద హాల్లోకి వెళ్ళేసరికి సారు స్క్రీను ముందే ఉన్నాడు. నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. మా ఇంటికి పేరు రాయి బిగించారని చెప్పాను.

"చాలా సంతోషం! ఎవరి పేరుంది?"

"మా ఆయన ఇంటిపేరు సార్."

"మంచిది. పేర్లు అలాగే నిలుస్తాయి," అని ఆయన మళ్ళీ చుక్కల వైపు తిరిగాడు. నేను పైకి వెళ్ళి మిగిలిన దుప్పట్లు మార్చాను.