ఇంట్ల ఎంతమంది, కాయితంల ఎంతమంది

ఈ ఉదయం పక్కింటి ముసలమ్మ చేత పింఛను కాగితం మీద వేలిముద్ర వేయించడానికి స్టాంపు ప్యాడ్ మూత తీశాను. ఊదారంగు సిరా వాసన గుప్పుమంది. ఆ వాసనకు ఉప్పుగూడలోని నా వరండా పోయి, పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం పైనున్న ఇరుకు గది కళ్ల ముందుకు వచ్చింది. ఆ గదిలో ఖాదర్ సాబ్ దగ్గర ఇరవై ఆరేళ్ల నాలుగు నెలలు టైపిస్టుగా పనిచేశాను. ఈ ప్యాడ్ ఆయనదే.

విదేశాలకు వెళ్లేవాళ్ల పెళ్లి పత్రాలు, జనన పత్రాలు ఇంగ్లీషులోకి మార్చడం, దరఖాస్తులు నింపడం మా పని. సాబ్‌కు ఒక పట్టుదల ఉండేది. కాగితంలో పేరుండి ఊళ్లో ఉన్న ప్రతి మనిషీ ఎదురుగా కూర్చోవాలి. మొదటినుంచి చివరిదాకా వాళ్ల భాషలో ఆయన చదివి వినిపించాకే సంతకం. మెట్ల మీద జనం బారులు తీరేవారు. "గిట్ల సదువుకుంట కూసుంటే దుకాణం నడుస్తదా సాబ్?" అని నేను విసుక్కుంటే, "సంతకం వాళ్లది సావిత్రమ్మా, జిందగీ గూడ వాళ్లదే. మనదేం పోతది, గొంతే గద!" అనేవారు. తొందర తప్ప నాకు మరో గుణం లేని రోజులవి.

ఏడేళ్ల కిందట ఒక మంగళవారం ప్రభాకర్ ఇద్దరు పిల్లలతో వచ్చాడు. మా వీధివాడే, రైల్వే ఉద్యోగి. అతని భార్య సునీత సింగపూర్‌లో నర్సు. ఐదేళ్లుగా అక్కడ ఒంటరిగా ఉంటోంది. ఇక కుటుంబమంతా అక్కడే శాశ్వతంగా ఉండిపోవడానికి దరఖాస్తు పెడుతున్నారు. కొడుకు డేవిడ్‌కు పదమూడేళ్లు, కూతురికి తొమ్మిది. అతను ఇచ్చిపోయిన వివరాలతో, నలుగురి పేర్లూ ముందురోజే టైపు చేసి పెట్టాను. సాబ్ నమాజుకు వెళ్లినప్పుడు ప్రభాకర్ పిల్లలిద్దరినీ మెట్ల మీద కూర్చోబెట్టి నా దగ్గరికి వంగాడు.

"అక్కా, డేవిడ్ పేరు తీసెయ్యి."

తల్లిదండ్రులతో పాటు అక్కడ శాశ్వత నివాసం పొందిన కొడుకు, పద్దెనిమిదేళ్లు వచ్చాక రెండేళ్లు ఆ దేశపు సైన్యంలో పనిచేయాలి. ప్రభాకర్ తమ్ముడు మన సైన్యంలో చేరి శవమై ఇంటికి వచ్చినవాడు. ఇదంతా నాకు తెలుసు. అయినా పిల్లవాడికి చెప్పావా అని అడగలేదు. పదకొండు నిమిషాల్లో కొత్త కాగితం కొట్టి ఇచ్చాను.

సాబ్ తిరిగివచ్చి, అలవాటు ప్రకారం అందరినీ లోపలికి పిలిచి చదవడం మొదలుపెట్టారు. ప్రభాకర్ ఆయన్ను ఆపబోయి ఆగిపోయాడు. సునీత పేరు వచ్చింది, ప్రభాకర్ పేరు, పాప పేరు. సాబ్ కాగితం తిప్పి చూశారు. వెనక ఏమీ లేదు.

"నా పేరు సదవలే తాతా," అన్నాడు డేవిడ్.

సాబ్ నా వైపు చూశారు, తర్వాత ప్రభాకర్ వైపు. "నువ్వే చెప్పు బేటా. గిది నేను సదివేది కాదు."

ప్రభాకర్ చెప్పాడు. తమ్ముడి మాటా ఎత్తాడు. "మేం పోయినంక నిన్ను స్టూడెంట్‌గ పిలిపించుకుంటం, గట్లయితే సైన్యంల చేరే పని ఉండదు. అప్పటిదాంక నానమ్మ దగ్గరుండు."

"రెండేండ్లే గద డాడీ. నేను చేస్త."

"నేను చెయ్యనియ్య."

"అమ్మను సూడక రెండేండ్లాయె. అది లెక్కకు రాదా?"

ప్రభాకర్ సంతకం పెట్టాడు. చెల్లెలి చేయి పట్టుకొని మెట్లెక్కిన డేవిడ్, దిగేటప్పుడు ఆ చేయి పట్టుకోలేదు.

వాళ్లు దిగిపోయాక సాబ్ నా వైపు తిరిగారు. "ఒక్క అక్షరం తప్పులేదు సావిత్రమ్మా. మీరు అడగలే, నేను సూడకుండ సదివిన. ఆ పోరనికి మనిద్దరం కలిసి గట్ల చెప్పినం." మర్నాటి నుంచి ప్రతి ఫైలు మూలన పెన్సిలుతో రెండు అంకెలు వేయించారు: ఇంట్లో ఎంతమంది, కాగితంలో ఎంతమంది. అవి కలవకపోతే, ఎందుకో అడిగేదాకా మిషను మీద గుడ్డ తీయకూడదు.

ప్రభాకర్, పాప వెళ్లిపోయారు. తర్వాత వాళ్లు పిలిచినా డేవిడ్ వెళ్లలేదు. సునీత ఏటా వచ్చి, మాట్లాడని కొడుకు పక్కన పది రోజులుండి వెళ్లేది. మూడేళ్ల కిందట పోయేదాకా సాబ్ ప్రతి నెలా అడిగేవారు, "ఆ పోరడు పోయిండా?" అని. "లేదు సాబ్" అనేదాన్ని.

ఈ ఉదయం ముసలమ్మ వెళ్లాక గేటు దగ్గర డేవిడ్ నిలబడి ఉన్నాడు. వాడికిప్పుడు ఇరవై ఏళ్లు. నానమ్మ పోయి నలభై మూడు రోజులు. రేషన్ కార్డులో పేర్లు తీయించాలట. పెన్సిలు అందుకున్నాను.

"ఇంట్ల ఎంతమంది?"

"ఒక్కణ్ణే పెద్దమ్మా."

"కార్డుల?"

"ఐదుగురం."

మూలన ఒకటి, ఐదు వేశాను. "కూసో బిడ్డా. ఎవరి పేరు తియ్యాలె, ఎవరిది ఉంచాలె, నువ్వే చెప్పు."

వాడు కార్డు చూస్తూ కూర్చున్నాడు. నేను తొందరపెట్టలేదు.

"నానమ్మది తియ్యి," అన్నాడు చివరికి. "మిగిలినయి ఇయ్యాల వద్దు."

ఐదు కొట్టేసి నాలుగు వేశాను. ఇంకా కలవలేదు.