రంగు కింద అతుకు

ఈ కాగితం ఇవాళే మన వర్క్‌షాపు గోడకు అంటిస్తున్నాను. అప్రెంటిస్‌ల ఆఖరి పరీక్ష పది రోజుల్లో ఉంది, ఫోర్‌మన్ శివప్ప నా ప్రాక్టీసు పుస్తకంలో సంతకం పెట్టనన్నాడు. సంతకం లేకపోతే నన్ను పరీక్షకు రానివ్వరు.

పొద్దున నేనూ, కల్హేర్ నుంచి వచ్చే మల్లేశమూ చెరొక నీళ్ళ డబ్బాకు వెల్డింగ్ చేశాం. మల్లేశం తన అతుకును గ్రైండర్‌తో అరగదీసి ఎర్ర రంగు పూశాడు. నేను నాదాన్ని ఉన్నది ఉన్నట్టే ఉంచాను. శివప్ప రెండూ నిమిరి చూశాడు.

"నీది గుంతల రోడ్డు లెక్కుంది పిల్లా. అతుకంటే గిట్లుండాలె, పెండ్లిపిల్ల చెంప లెక్క!"

"పెండ్లిపిల్ల చెంపల నీళ్ళు ఆగుతయా సార్? కిరసనాయిలు పోసి చూద్దాం."

మా ఇంట్లో బడికి పోయినదాన్ని నేనొక్కదాన్నే. పాఠంలో ఉన్నది చేసి చూడకపోతే నాకు నిద్ర పట్టదు. రెండు డబ్బాల అతుకుల మీద బయట సుద్ద పూసి, లోపల కిరసనాయిలు పోశాను; సన్న బెజ్జమున్నా అది బయటికొచ్చి సుద్ద మీద మచ్చ పడుతుంది. నా సుద్ద తెల్లగానే ఉంది. మల్లేశం సుద్ద మీద మాత్రం మూడు చోట్ల ఎర్రటి మచ్చలు తేలాయి. ఆరని రంగు కూడా కారుతోంది.

శివప్ప ఆ మచ్చలను వేలితో రుద్ది చూశాడు. "గీ సుద్దనే ఖరాబుంది. మల్లేశం, ఇంకో కోటు కొట్టు!" అని చాయ్‌కి పోయాడు.

సుద్దకు కూడా పరీక్ష పెట్టాలేమో! మీ డబ్బాలకూ ఇలాగే చేసి, ఏం కనబడిందో శనివారంలోగా ఈ కాగితం కిందే రాయండి. దీన్ని నా పుస్తకంతో కలిపి ఆయన ముందు పెడతాను. ఒక్కటే మాట, రంగు వేయకముందు చూడండి.