ఏడింటి ఫోను

శుక్రవారం పొద్దున పక్కింటి బావగారు చేతికర్ర మీద బరువంతా వేసి మా గుమ్మంలో నిలబడ్డారు. "మీ అక్కయ్య పోయిందమ్మా" అన్నారు. తెల్లవారుజామున గుండెపోటు. అంబులెన్స్ వచ్చేసరికే అంతా అయిపోయిందట. ఆయన్ని కూర్చోబెట్టి కాఫీ కలుపుతుంటే నా మనసులో మెదిలిన మొదటి ఆలోచన చెప్పడానికి సిగ్గుగా ఉంది. పాపకి ఫ్లూ టీకా వేయించి మూడు రోజులే అయింది, ఇక సాయంత్రం ఎవరు ఫోన్ చేస్తారు అనుకున్నాను.

అమెరికాలో, షామ్‌బర్గ్‌లో మా పక్కిల్లు వాళ్లది. ఆవిడ హాస్పిటల్లో నర్సు. బంధుత్వమేమీ లేదు, నేను అక్కయ్యా అని పిలిచాను గనుక ఆయన బావగారయ్యారు. డెబ్భై ఆరులో దేశమంతా పంది ఫ్లూ వస్తుందని హడలిపోతే, ఆవిడే ఆయన్ని లైన్లో నిలబెట్టి టీకా వేయించింది. మూడు వారాలకి ఆయన పాదాలు తిమ్మిరెక్కాయి. ఆ తర్వాత మంచం మీంచి లేవలేకపోయారు. కర్రతో నడవడానికి ఏడు నెలలు పట్టింది. అలాంటి కేసులు ఇంకొన్ని బయటపడ్డాక ప్రభుత్వం ఆ టీకాలు ఆపేసింది.

మా పాపకి ఆస్తమా. దానికి నాలుగేళ్లప్పుడు, ఏటా ఫ్లూ టీకా వేయించమన్నాడు డాక్టర్. నేను పుట్టు పిరికిదాన్ని. వద్దంటుందన్న ఆశతోనే అక్కయ్య దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ చిక్కుడుకాయలు తుంపుతూనే టీకా వేయించమంది.

"ఇది ఆ టీకా కాదు. అయినా ఏమీ కాదని నేను చెప్పను. ఫ్లూ రానే రాదనీ చెప్పను. ఇలాంటి పిల్లలకి ఫ్లూ వస్తే ఎలా ఉంటుందో మాత్రం మా వార్డులో చూస్తున్నాను" అంది.

ధైర్యం చెబుతుందనుకుంటే ఉన్న భయాన్ని రెట్టింపు చేసి పంపింది. మొగుడు మంచాన పడ్డా బుద్ధి రాలేదని మనవాళ్ల విందుల్లో ఆవిడ వెనక గుసగుసలుండేవి. విని కూడా ఇంకాస్త పులిహోర వడ్డించుకునేది.

టీకా వేయించిన రోజు నుంచి ఆరు వారాలు, డ్యూటీ మధ్యలో సరిగ్గా ఏడింటికి ఆవిడ ఫోన్ వచ్చేది. పాపని మునివేళ్ల మీద నడిపించమనేది. వంటింటి నుంచి హాలు దాకా అది నడిచేది. మడమలు నేలకి ఆనలేదు కదా అని అడిగేది, ఆనలేదంటే సరేనని పెట్టేసేది. పాపకి అదొక ఆట. బావగారి కాళ్లలో మొదట పోయిన బలం అదేనని నాకు తెలుసు.

మూడో ఏడు నావల్ల కాలేదు. వేయించకుండానే వేయించానని చెప్పాను. ఆరు వారాలూ ఆవిడ ఫోన్ చేసింది. పాప నడిచింది. నేను ఆనలేదని చెబుతూ వచ్చాను.

జనవరిలో పాపకి ఫ్లూ వచ్చింది. ఊపిరందక హాస్పిటల్లో చేర్చాం. డాక్టర్ టీకా సంగతి అడిగితే, పక్కనే ఉన్న అక్కయ్య నేను నోరు తెరిచేలోపే వేయించారని చెప్పింది. నేను లేదన్నాను. ఆవిడ నావైపు చూడలేదు. పాప మంచం చుట్టూ కప్పిన ఆక్సిజన్ టెంట్ అంచులు పరుపు కిందికి దోపుతూ ఉండిపోయింది.

ఐదో రోజు పాప తేరుకున్నాక, నా చేతికి కాఫీ ఇచ్చి పక్కన కూర్చుంది.

"నాకూ భయమే. లేకపోతే రోజూ ఫోనెందుకు చేస్తాను? ఈసారి నా దగ్గర దాచకు. ఇద్దరం కలిసే భయపడదాం."

ఆ మాటకి ఏడ్చేశాను. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బహుశా ఇంకెప్పుడూ టీకా జోలికి వెళ్లేదాన్ని కాదు. తర్వాత ఏటా వేయించాను. ఒక ఏడాది టీకా వేయించినా జ్వరం వచ్చి, మూడు రోజులకి ఇంట్లోనే తగ్గింది. అది టీకా గొప్పా, మా అదృష్టమా అని అడిగితే, తనకీ తెలియదంది. తెలియదని అంత నిబ్బరంగా చెప్పే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

శుక్రవారం సాయంత్రం, వాళ్లబ్బాయి విమానం ఇంకా రాలేదు. బావగారు మా హాల్లోనే కూర్చున్నారు. ఏడయింది. నా చూపు గోడ మీది ఫోన్ మీదే ఉంది. పాపకి ఇప్పుడు పదేళ్లు. అది హోంవర్క్ పక్కన పెట్టి, ఎవరూ చెప్పకుండానే వంటింట్లోకి వెళ్లి, అక్కణ్ణుంచి మునివేళ్ల మీద నడిచి వచ్చింది. బావగారు కర్ర మీదికి వంగి దాని పాదాలనే చూశారు.

"ఆనలేదు" అన్నారు మెల్లగా.

అయినా పాప మడమలు దించలేదు. ఫోన్ కింద అలాగే నిలబడి ఉంది.