ఉప్పు నేలలో నేరేడు

పై వాటాలో అద్దెకున్నావిడ పొద్దున్నే దిగివచ్చి, నేరేడు పూత రాలి కారంతా కప్పేస్తోందని, అటువైపు కొమ్మ ఒక్కటి కొట్టించమని అడిగింది. చూద్దాంలెమ్మా అని పంపించేశాను గానీ, ఆ చెట్టు మీద కత్తి పడనివ్వడం నా వల్ల అయ్యే పని కాదని మీకైతే చెప్పుకోవచ్చు.

పెళ్ళయి తోట్లవల్లూరు నుంచి బందరు కాపురానికి వచ్చినప్పుడు మా నాన్న, కృష్ణ ఒడ్డు ఒండ్రుమట్టితో సహా ఒక నేరేడు మొక్కను డబ్బాలో పెట్టి నాతో పంపించారు. ఈ ఉప్పు నేలలో నేరేడేం బతుకుతుందని మావగారు నవ్వేసరికి, పుట్టింటి మొక్క కదా, నాకు రోషం పొడుచుకొచ్చి, ఏడాది తిరిగేలోగా నా ఎత్తు పెంచి చూపిస్తానని అందరి ముందూ అనేశాను. మా ఊళ్ళో పాదులకు చేపలు కడిగిన నీళ్ళు పోస్తే ఏపుగా పెరిగేవి. ఇక్కడ వారంలో నాలుగు రోజులు చేపలే కదా అని, పచ్చివో ఉప్పువో చూడకుండా, ఆ నీళ్ళన్నీ చుక్క పోకుండా మొక్కకే పోశాను. నెల తిరక్కుండా ఆకుల అంచులు మాడిపోయాయి.

అత్తగారే ఏదో పోసి ఉంటారని నా అనుమానం. నా మొక్క ఆవిడకు కంట్లో నలుసయిందని మా అమ్మకు ఉత్తరం కూడా రాసేశాను.

అది ఎండాకాలం. కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. మంచినీళ్ళు మనిషికిన్ని చెంబులని వాడుకునేవాళ్ళం. ఒకనాడు తెల్లవారగానే పెరట్లోకి వెళ్తే, అత్తగారు తన వాటా నీళ్ళు మొక్క మొదట్లో పోస్తూ కనిపించారు.

"పచ్చి చేపలు కడిగినవైతే మంచివేనమ్మా, నువ్వు ఉప్పు చేపలు నానబెట్టినవి కూడా పోసేశావు. ఏటి ఒడ్డు పిల్లవి, నీకేం తెలుస్తుందిలే! ఆ ఉప్పు దిగాలంటే మంచినీళ్ళే పొయ్యాలి. మీ మావయ్యగారితో అనబోకు, ఏడిపిస్తారు" అన్నారు.

ఆ వేసవంతా ఆవిడ నూతిలోని ఉప్పునీళ్ళు మజ్జిగలో కలుపుకుని తాగారని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

మొక్క చిగిర్చింది. ఏడేళ్ళకు గుత్తులు గుత్తులుగా తెల్లటి పూత పూసి, పెరడంతా తేనెటీగల రొదతో నిండిపోయింది. మొదటి పళ్ళు తిని అత్తగారు ఊదారంగు నాలుక బయటపెట్టి మావగారిని వెక్కిరించారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ మా కోడలు పెంచిన చెట్టని చూపించేవారు. ఆ ఉత్తరం సంగతి మాత్రం ఆవిడ పోయేదాకా నేను చెప్పలేకపోయాను.

ఇప్పుడు మంచినీళ్ళు డబ్బాలతో గుమ్మంలోకే వస్తున్నాయి; ఎవరి వాటా ఎంతని అడిగేవాళ్ళు లేరు. నాకూ దేనికీ లోటు లేదు, హాయిగానే ఉన్నాను. అయినా పూత రోజుల్లో ఆ నీడన కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడు, ఈ చెట్టు మీరే పెంచారటగా అండీ అని ఎవరైనా అడిగితే, అవుననడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.